ఉడుము కానిది

మా మండలంలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. ఒమాన్‌లో ఒకే రూమ్‌లో పడుకున్న మనిషిని నేనే పట్టించి ఇంటికి పంపించానని. పట్టించింది నేను కాదు. ఈ మాట ఫోన్‌లో చెప్పాను, నలుగురిలో చెప్పాను, ఇంట్లో చెప్పాను. మా ఆవిడ "సరే, కాదులే" అని ఊరుకుంది తప్ప "నువ్వట్ల చేసేటోనివి కాదు" అనలేదు. అది కూడా నాకు గుర్తుంది. అందుకే జరిగినదంతా మొదటి నుంచి రాస్తున్నాను.

మస్కట్ నుంచి సలాలా పోయే రోడ్డు మీద సగం దూరం దాటాక ఎడమ పక్కకు తిరిగితే ఒక అభయారణ్యం ఉంది. అరణ్యం అంటే చెట్లు అనుకోవద్దు. కంకర పరిచినట్టు తెల్లటి నేల, ఎటు చూసినా ఒకటే మట్టం. అక్కడక్కడా మన తుమ్మలాంటి చెట్టు, అది కూడా గాలికి ఒక పక్కకు వంగి ఉంటుంది. దగ్గరి ఊరు హైమా. అక్కడికి పోవాలన్నా కంపెనీ బండి రావాలి. నేను అంతకుముందు మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో బిల్డింగ్ సైట్ల మీద పనిచేశాను. అక్కడ పని తగ్గింది. ఈ అభయారణ్యంలో కంచె, నీళ్లు, మేత చూసుకునే కాంట్రాక్టు కంపెనీకి దొరికింది. మమ్మల్ని సామాన్లతో పాటు లారీలో తెచ్చి దించారు. జంతువుల డ్యూటీ, సుఖంగా ఉంటుందని చెప్పారు. ఎవరు చెప్పారో నాకు తెలుసు. పేరు రాయను.

అక్కడ ఉండేవి ఒరిక్స్‌లు. తెల్లటి ఒళ్లు, నల్లటి కాళ్లు, కర్రల్లాంటి పొడవాటి కొమ్ములు. పక్క నుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కనపడతాయి. ఒకప్పుడు అవి బయట ఎక్కడా మిగల్లేదట, వేటాడి వేటాడి అయిపోయాయట. దొడ్లలో మిగిలిన వాటి నుంచి మళ్లీ పెంచి తెచ్చారు. అందుకే కంచె. కంచె వాటిని కాపాడేది నిజమే, చంపేదీ అదే. కంచె లోపల గజాల్ అనే చిన్న జింకలు కూడా ఉంటాయి. ఏదో ఒకటి బెదిరించగానే పరుగు తీస్తాయి, పరుగులో తీగ కనపడదు. పొద్దున్నే కంచె వెంట పోతే మెడ విరిగి తీగకు ఆనుకొని ఉన్నది ఒకటి దొరికేది. మనం పోయేసరికే కాకులు కళ్లు తినేసి ఉండేవి. దాన్ని విడిపించి సంచిలో వేసి ఆఫీసుకు ఇవ్వడం మా డ్యూటీలో భాగం. ఆ చేతులతోనే పది గంటలకు రొట్టె తినేవాళ్లం. చేతులు కడుక్కోవడానికి ట్యాంకర్ నీళ్లు వాడొద్దని ఫోర్‌మన్ అన్నాడు. జంతువుల నీళ్లట. అది కూడా నాకు గుర్తుంది.

ఫోర్‌మన్ కడప మనిషి. చెడ్డవాడని అందరూ అనరు, నేనొక్కణ్ణే అంటాను. మేత కట్టలు లారీ మీద వచ్చేవి. ఒక్కో కట్ట ఇద్దరు మనుషులు పట్టాల్సిన బరువు. ఇద్దరు ఉండేవాళ్లం కాదు, ఒక్కడే ఎత్తేవాడు. ఒక తోపుడు బండి ఇప్పించమని నేను అడిగాను. అడిగాను అంటే, ప్రతి వారం అడిగాను. భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నప్పుడు, ఫోర్‌మన్ ఇలా అన్నాడు:

"ఈ మనిషికి కంప్లయింట్ చెయ్యకపోతే అన్నం అరగదబ్బా. కంప్లయింట్ సేఠు. సేఠుగారికి ఇంకో రెండు మిరపకాయలెయ్యండప్పా, కడుపులో ఉండేదంతా బయటికొస్తాది."

అందరూ నవ్వారు. మా రూమ్‌లో మేం నలుగురం, నలుగురిదీ ఉత్తర తెలంగాణే. మిగతా ముగ్గురూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు సేఠు. నవ్విన వాళ్లలో ఒకడి కోసమే నేను ఆ బండి అడిగానన్నది ఎవరికీ పట్టలేదు.

అతనిది మా పక్క ఊరు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. నేను నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ణి, అతను నాతో పాటు తిరిగేవాడు. నీళ్ల తొట్లు నింపడం, మేత వెయ్యడం, తెగిన తీగ కట్టడం. వాళ్లది కల్లు గీసే కుటుంబం. మనిషి దిట్టంగా ఉండేవాడు. ఎండాకాలం మొదలయ్యేసరికి నడుము పట్టేసింది. మొదట వంగితే లేవడానికి కష్టపడ్డాడు, తరువాత ఎడమ కాలు ఈడ్వడం మొదలైంది. హైమాలో చూపిస్తే మాత్రలిచ్చి బరువు ఎత్తొద్దన్నారు. బరువు ఎత్తకపోతే ఆ డ్యూటీలో ఇంకేం ఉంది? ఫోర్‌మన్ నా ముందే అన్నాడు: "నడుము లేని మనిషిని పెట్టుకొని నేనేం చేసుకోవాల? నెలాఖరు దాకా చూస్తా. బాగుపడకపోతే మస్కట్‌కు పంపిస్తా, ఆడినుంచి ఇంటికి."

అప్పటి నుంచి అతనికి ఒకటే ధ్యాస. నెలాఖరులోపు నడుము నిలబడాలి.

ఒకసారి తొట్టి నింపి వస్తుంటే ఎండలో ఒక రాయి పక్కన ధబ్ కనపడింది. ధబ్ అంటే అక్కడి ఎడారి బల్లి. మోచేతి కంటే పొడవు, లావాటి పొట్ట, తోక నిండా వరుసలు వరుసలుగా ముళ్లు. మమ్మల్ని చూసి బొక్కలో దూరింది. అతను డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి ముందుకు వంగి చూశాడు.

"అన్నా, ఉడుము."

"ఉడుము కాదది. ధబ్బు. గడ్డి మేస్తది."

"ఉడుమే అన్నా. నాకు ఎరుక లేదా? మా నాయిన తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. మంచం పట్టిండు. ఉడుము కూర తినవెట్టిర్రు, కొవ్వు నడుముకు రాసిర్రు. మల్ల చెట్టెక్కిండు."

"ఉడుము నాలిక చీలి ఉంటది. దీనికి లేదు. దాని తోక చూసినవా, ముండ్ల కంప లెక్క ఉన్నది."

"ఏ దేశపు ఉడుము ఆ దేశానికి ఉంటదే. ఈడ మనుషులు గూడ మన లెక్క ఉన్నరా ఏంది? మనుషులు కారా మరి?"

మన దగ్గర ఉడుమును పట్టడం కూడా నేరమేనని చెప్పాను. తెలుసన్నాడు. ఉడుం పట్టు అంటారు గదా, అది తిన్నవాడి నడుముకు ఆ పట్టు వస్తుందని అతని నమ్మకం. చిన్నప్పటి నుంచి ఉన్న నమ్మకాన్ని ట్యాంకర్‌లో కూర్చొని తీసెయ్యలేం. వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. కంచె లోపల రాయి కూడా తీయకూడదని బోర్డు ఉంది, నాలుగు భాషల్లో. తెలుగు లేదు. దాని మీద కూడా నేను ఫిర్యాదు చేశాను.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం తిని అందరం పడుకున్నాం. నేను లేచేసరికి అతను లేడు. ఎండ తగ్గేవేళ సిమెంటు సంచి ఒకటి చంకలో పెట్టుకొని, రెండు ఖాళీ క్యాన్లు చేతిలో పట్టుకొని వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. సంచిలో ధబ్ ఉంది. బొక్కలో నీళ్లు పోస్తే బయటికి వచ్చిందట. పొలాల్లో ఎలుకలను పట్టేది అలాగే గదా. నడుము లేని మనిషి రెండు క్యాన్ల నీళ్లు అంతదూరం మోసుకుపోయాడు, నడుము కోసం.

రూమ్ వెనక కోశారు. నేను చూడకూడదనుకున్నాను, కానీ చూశాను. పొట్ట నిండా నమిలిన పచ్చటి ఆకు, ఎండు గింజలు. ఉడుము కప్పలు తింటుంది, గుడ్లు తింటుంది, కుళ్లినది కూడా తింటుంది. ఇది మేకలా మేసింది.

"గడ్డే ఉన్నదిరా లోపల," అన్నాడు రూమ్‌లో ఒకడు.

"ఈ ఎడారిల దానికి కప్పలు ఎవడు తెచ్చిస్తడు? దొరికింది తిన్నది," అన్నాడు అతను. గొంతులో మాత్రం ముందున్న ధీమా లేదు.

కారం బాగా వేసి వండారు. అతనితో పాటు మిగతా ఇద్దరూ తిన్నారు. నాకు కూడా పెట్టబోతే వద్దన్నాను. "సేఠు తినడు, సేఠు రాసుకుంటడు," అన్నారు. అతను తోక కింది కొవ్వు కరిగించి సీసాలో పోసుకున్నాడు. తోకను కిటికీలో ఆరబెట్టాడు, ఎందుకో నాకు తెలియదు. రాత్రి నేనే అతని నడుముకు ఆ నూనె రాశాను. ఈ సంగతి మా మండలంలో ఎవరూ చెప్పరు.

తెల్లారి రూమ్ బయట బ్రష్ చేసుకుంటుంటే అభయారణ్యం కాపలా చూసే ముసలాయన పికప్ వచ్చి ఆగింది. ఆయన ఆ ఎడారివాడే. ఒంటెలు మేపిన కుటుంబం, ఇప్పుడు సర్కారు జీతం. హిందీ, అరబీ కలిపి మాట్లాడేవాడు, నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మాలో అరబీ కొద్దిగా వచ్చింది నాకొక్కడికే, అందుకని హారన్ కొట్టి నన్ను పిలిచాడు. ఎక్కమన్నాడు. ఎక్కాను. మిగతా ముగ్గురూ నోట్లో నురగతో నిలబడి చూశారు. నన్ను దోషిని చేసింది ఆ ఎక్కడమే.

ఈ ముసలాయన మీద కూడా నాకు ఒక కోపం ఉండేది. ఒకసారి గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోస్తూ, వరుసలో రెండోవాణ్ణి అయిన నన్ను దాటేసి అందరికీ పోసి చివర నాకు పోశాడు. కావాలని చేశాడో లేదో తెలియదు. కానీ చేశాడు.

బండి ధబ్ బొక్క దగ్గర ఆపాడు. బొక్క మూతి అర్ధచంద్రాకారంలో ఉంది. నీళ్లు పోసిన చోట మట్టి ఎండి పెళ్లలుగా లేచింది. ఆయన ఏమీ అడగకుండా నేల చూపించాడు. క్యాంపు వైపు నుంచి వచ్చిన అడుగులు. కుడి అడుగు నిండుగా పడింది. ఎడమ అడుగు పక్కన గీత, కాలు ఈడ్చిన గీత. ఆ అడుగుల పక్కన కొంత దూరానికి ఒకసారి రెండు గుండ్రటి ముద్రలు. క్యాన్లు దించిన చోట్లు. మొదట్లో దూరం దూరంగా ఉన్నాయి, బొక్క దగ్గరికి వచ్చేసరికి పక్కపక్కనే ఉన్నాయి. ఒక చోట మోకాళ్ల గుర్తులు కూడా ఉన్నాయి.

"ఈ మనిషికి నొప్పి ఉంది," అన్నాడు ముసలాయన.

తరువాత నా వైపు తిరిగాడు.

"నీళ్ల బండి మీద నీతో తిరిగేవాడు."

అవును అనలేదు, కాదు అనలేదు. దేవుడి సాక్షిగా ఇంతే. ఎండ వైపు చూశాను. ఆయనకు నా మాట అవసరం కూడా లేదు, కాగితం చదివినట్టు చదివేశాడు.

తరువాత బొక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ ధబ్ తన పెద్దకొడుకు పుట్టకముందు నుంచి అదే బొక్కలో ఉందన్నాడు. అవి మెల్లగా పెరుగుతాయి, మెల్లగా ముసలివవుతాయి, బొక్క మార్చవు. "మా నాన్న వీటిని తిన్నాడు. నేనూ తిన్నాను. అప్పుడు ఎడారి నిండా ఉండేవి. ఇప్పుడు ఈ కంచె లోపల మేము కూడా ముట్టుకోం." ఇది చెబుతున్నప్పుడు ఆయనకు కోపం లేదు. అలసటగా ఉన్నాడు.

చివరికి నాతో ఇలా అన్నాడు: "సాయంత్రం అసర్ నమాజు లోపల అతన్ని నా దగ్గరికి రమ్మను. తన నోటితో చెప్పమను. తిడతాను. అంతటితో అయిపోతుంది. రాకపోతే ఆఫీసుకు చెప్పక తప్పదు. ఖలాస్."

వాళ్ల పద్ధతి అది. చేసినవాడు తన కాళ్లతో వచ్చి, ఎదురుగా కూర్చొని, తన నోటితో చెబితే సగం తప్పు అక్కడే పోతుంది. నాకు అది మంచి పద్ధతి అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి రూమ్‌కు వచ్చాక అతనితో చెప్పాను. అన్నం పళ్లెం కింద పెట్టేశాడు.

"ఆయనకు ఎట్ల తెలుసు?"

"అడుగులు చూసిండు. నీ ఎడమ కాలు గీత పడ్డది."

"అడుగులు చూసిండా. ఇసుక చెప్పిందా ఆయనకు?"

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. "ఇసుకకు అరబీ వచ్చునంట," అన్నాడొకడు. "మన సేఠుకు గూడ వచ్చు. ఇద్దరు మాట్లాడుకున్నరు."

"పొద్దుగాల బండెక్కి పోయింది నువ్వు," అన్నాడు అతను. "ఇసుక ఎక్కలే."

"నేను చెప్తే నీ నడుముకు నూనె ఎందుకు రాస్త?"

"ఏమో. కంప్లయింట్ చెయ్యకుంటే నీకు నిద్ర పట్టదు గదా."

తోపుడు బండిని ప్రతి వారం ఎవరి కోసం అడిగానో అప్పుడు చెప్పాను. గట్టిగానే చెప్పాను. అతను కూడా గట్టిగానే మాట్లాడాడు. ముసలాయన దగ్గరికి పొమ్మని బతిమాలాను. "పోతే ఒప్పుకున్నట్టే. లోపల ఏస్తరు. నువ్వు అదే గదా కోరేది," అన్నాడు. "నీ కాళ్లు మొక్కుత, పోరాదు," అన్నాను. ఆ మాట నేను జీవితంలో ఇంకెవరితోనూ అనలేదు. అయినా అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నీళ్ల డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్న ఫోర్‌మన్ గడపలోకి వచ్చాడు.

"ఏం గలాటా అబ్బా? యాడికి పోవాల, ఎవురికి చెప్పాల?"

ఫోర్‌మన్ కన్ను కిటికీ మీద పడింది. తోకను తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నచోటే పెట్టాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టాడు.

"కంచె లోపలిదేనా ఇది? బలే పని చేసినావు నాయనా. నేను నెలాఖరు దాకా ఆగాల్నేమో అనుకుంటాంటి."

ఇంతే జరిగింది. ఫోటో ఎక్కడికి పోయిందో నేను చూడలేదు. కానీ అసర్ కాకముందే మస్కట్ నుంచి ఫోర్‌మన్‌కు ఫోన్ వచ్చింది. రక్షిత జంతువును చంపినవాణ్ణి కంపెనీ పెట్టుకోదట, కేసు కాకముందే పంపించేస్తుందట. నడుము సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఎక్కడ, ఏ పనిలో పోయిందో ఎవరూ అడగలేదు. నేను ఫోర్‌మన్‌ను అడిగాను. "ఇది కూడా కంప్లయింటేనా సేఠూ?" అన్నాడు.

బండి వచ్చేలోపు అతను సామాను సర్దుకున్నాడు. కుక్కరు ఒకడికి ఇచ్చాడు, దుప్పటి ఒకడికి ఇచ్చాడు. కొవ్వు సీసా చెత్తలో వేశాడు. నాకు ఏమీ ఇవ్వలేదు. నేను సంచి మోయబోతే లాక్కున్నాడు, ఆ లాక్కోవడంలో నడుము పట్టేసి గోడ పట్టుకొని నిలబడ్డాడు. వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోయారు.

మరుసటి రోజు నీళ్ల తొట్టి దగ్గర ముసలాయన కలిశాడు. "గహ్వా పెట్టుకొని కూర్చున్నాను. నీవాడు రాలేదు," అన్నాడు. పంపించేశారని చెప్పాను. ఆయనకు తెలియదు. ఆఫీసుకు తాను ఇంకా ఏమీ చెప్పలేదన్నాడు. తన మాట దాటి ఇంకెవరో చెప్పడం ఆయనకు కూడా అవమానంగానే ఉన్నట్టుంది. ఆ ఒక్క రోజు మా ఇద్దరి బాధా ఒకటే అనుకున్నాను. కానీ నాతో కూర్చొని బాధపడలేదు, బండెక్కి పోయాడు.

తరువాత నేను ఒక్కణ్ణే మేత కట్టలు దించాను. ఆ ఎండాకాలం గజాల్ పిల్లలు ఎక్కువ చచ్చిపోయాయి. సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచు ఆలస్యమైంది, చెట్ల మీద తడి లేదు. చచ్చినవాటిని సంచుల్లో వేసుకొని తిరిగాను. ధబ్ బొక్కలో గాలికి ఇసుక చేరి మూతి మూసుకుపోయింది. ఇంకో ధబ్ వచ్చి తవ్వుకుంటుందేమోనని చూశాను. రాలేదు.

సెలవు మీద ఇంటికి వచ్చిన వారంలోనే అతని ఊరికి పోయాను. మా ఆవిడ వద్దంది. ఊరి మొదట్లో చాయ్ హోటల్ ఉంది, అతను అక్కడ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పక్కన కట్టె. చుట్టూ నలుగురైదుగురు. నన్ను చూసి వాళ్లంతా మాటలు ఆపారు. అతను కట్టె పట్టుకొని లేచి నన్ను వెనక పక్కకు తీసుకుపోయాడు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, ఇప్పుడు రాసినట్టే. క్యాన్ల ముద్రలు పక్కపక్కన పడ్డ సంగతి చెప్పినప్పుడు తల దించుకున్నాడు.

"నిజమే అన్నా," అన్నాడు. "ఆడికి పోయేసరికి అడుగు తీసి అడుగు ఎయ్యలేకపోయిన. మోకాళ్ల మీద పడ్డ. ఆ సంగతి నేను ఎవలికి చెప్పలే. నువ్వు అడుగులు చూసినవంటే నమ్ముత."

"అయితే ఆ మాట వాళ్ల ముందు చెప్పు. ఇప్పుడే."

అతను కట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నమ్మితే నాకేమొస్తదే? నడుము పోయి, ఉడుము కాని దాన్ని తిని, కాలు ఈడ్చుకుంట దొరికిపోయిండంటే నవ్వుతరు. నమ్మినోడు పట్టిచ్చిండంటే కూసోవెట్టి చాయ్ పోస్తరు. ఇంట్ల మా ఆడామె గూడ అదే చెప్పుకుంటది. నీకేమన్నా, నీకు డ్యూటీ ఉన్నది. ఒక మాట పడితే నీకేం పోతది?"

"నా పేరు పోతది."

"నాకు ఇంకేం మిగిలింది చెప్పు, ఇచ్చేటందుకు?"

నేను అడిగిందే మళ్లీ అడిగాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. అతను జవాబు ఇవ్వకుండా కట్టె ఊనుకుంటూ ముందుకు వచ్చాడు, నేను వెనకే వచ్చాను. హోటల్ ఆయన గ్లాసు పట్టుకొని నా వైపు చూస్తున్నాడు, పొయ్యాలా వద్దా అన్నట్టు. అతను వెళ్లి తన చోట కూర్చున్నాడు, నడుము గోడకు ఆనించుకున్నాడు.

"అన్నకు వద్దట," అన్నాడు హోటల్ ఆయనతో.

నేను వద్దనలేదు.